25 ఏళ్ల బెన్ నెవిస్ తెరవబోతున్నాం: ఈ ఎండల్లో పండ్ల వాసన పోకుండా రుచి చూడటం ఎలా?

కూకట్‌పల్లి_పెగ్గు

అందరికీ నమస్తే. ఒక సీసా గురించి సలహా కావాలి. బెన్ నెవిస్ అనే స్కాట్లాండ్ డిస్టిలరీ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో చేసిన బార్లీ విస్కీ), 1996లో కాచినది, 25 ఏళ్లు పీపాలో ఉంది, రీఫిల్ హాగ్స్‌హెడ్ (ఇదివరకే వాడిన పీపా), 49.3 శాతం ఆల్కహాల్. ఇండిపెండెంట్ బాట్లర్ (డిస్టిలరీ పీపాలు కొని తన పేరు మీద సీసాల్లో నింపే కంపెనీ) వేసింది. చిల్ ఫిల్టర్ చేయలేదు (చల్లబరిచి వడకట్టలేదు), రంగు కలపలేదు అని లేబుల్ మీద ఉంది. 700 ఎం.ఎల్., సీలు ఇంకా తీయలేదు. వచ్చే శనివారం రాత్రి ఆరుగురం కూర్చుంటున్నాం. ఇద్దరికి సింగిల్ మాల్ట్ అలవాటే, మిగతా నలుగురూ సోడా బ్యాచ్. 60 పోసి, ఐసు వేసి, పక్కన చికెన్ సిక్స్‌టీఫైవ్ పెట్టుకునే రకం. ఈ సీసాకి ఆ పని చేస్తే పాపం తగులుతుందని అందరూ ఒప్పుకున్నారు.

ఈ 1996 బెన్ నెవిస్‌లకి పండ్ల మాల్టులని పేరుంది కదా: మామిడి, అనాస, జామ అంటారు. ఆ పండ్లు నిజంగా తెలియాలంటే ఏం చేయాలి? బయట 41 డిగ్రీలుంది. గదిలో ఏసీ ఉంది. మనిషికి ఎంత పోయాలి, ఎంతసేపు ఆగాలి, నీళ్లు కలపాలా వద్దా, కలిపితే ఎన్ని చుక్కలు? "ఏడాదికో నిమిషం ఆగాలి" అంటారు, అది నిజమేనా? ముందు రోజే డికాంటర్‌లో (గాజు కూజాలో) పోసి పెడితే మంచిదా? మిగిలింది ఎలా దాచాలి?

పీపాలో_పాతిక

ముందు వేడి సంగతి తేలుద్దాం, మిగతావన్నీ దాని తర్వాతే.

రూమ్ టెంపరేచర్‌లో తాగాలని రాసేవాళ్ల గది స్కాట్లాండ్‌లో ఉంటుంది, అంటే 18 నుంచి 20 డిగ్రీలు. మే నెలలో మన గది 34. ఆ వేడిలో 49 శాతం విస్కీ పోస్తే అన్నిటికంటే ముందు లేచేది ఆల్కహాల్ ఆవిరి. ముక్కు మండుతుంది. మండిన ముక్కుకి మామిడీ తెలియదు, మారేడూ తెలియదు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టి 8 డిగ్రీలకు దించితే పండ్ల వాసన ఇచ్చే ఎస్టర్లు గ్లాసులోంచి సరిగా లేవవు, నాలుకకి చెక్క చేదే మిగులుతుంది. విస్కీ గ్లాసులో 20-22 దగ్గర ఉండాలి.

ఏసీ 22 మీద పెట్టినంత మాత్రాన సీసా 22కి వచ్చేయదు. నిండు సీసా గది చల్లదనానికి దిగడానికి గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నమే ఆ గదిలో పెట్టేయండి, గ్లాసులు కూడా. కుదరకపోతే సీసాకి పాలిథిన్ కవరు చుట్టి (లేబుల్ తడవకుండా) కుండ నీళ్లు పోసిన బకెట్‌లో భుజం దాకా అరగంట నిలబెట్టండి. నీళ్లలో ఐసు వేయొద్దు. కూర్చునేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, ఏసీ రెక్కలు పైకి తిప్పండి. గాలి సూటిగా బల్ల మీదికి వస్తే గ్లాసులోని వాసన మీ ముక్కు దాకా రాకముందే గది మూలకి పోతుంది.

రెండోది, గదిలో వాసనలు. ఆ సాయంత్రం అగరబత్తి, సాంబ్రాణి, రూమ్ ఫ్రెషనర్, దోమల లిక్విడ్, ఫినాయిల్ తుడుపు ఏవీ వద్దు. ఎవరూ అత్తరు, డియోడరెంట్ కొట్టుకుని రాకూడదు. వంటింట్లో పోపు పెడుతుంటే తలుపు వేయండి. పండు వాసన అంటే లీటరులో మిల్లీగ్రాముల లెక్కన ఉండే పదార్థాలు. ఇంగువ ముందు అవి ఎక్కడ నిలుస్తాయి?

గ్లాసు: నోరు సన్నగా, పొట్ట వెడల్పుగా ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ ఉంటే సరే, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. అడుగు వెడల్పు టంబ్లర్ మాత్రం పనికిరాదు, వాసన ఒకచోట చేరదు. ఎక్కువమంది తప్పు చేసేది కడగడంలో. డిష్‌వాష్ నిమ్మ వాసన గాజుకి అంటుకుని ఉంటుంది, దాన్నే "సిట్రస్ నోట్" అని రాసుకుంటారు. సబ్బు లేకుండా వేడి నీళ్లతో రెండుసార్లు కడిగి, నిలబెట్టి ఆరబెట్టండి. బోర్లిస్తే గాలి లోపలే బిగిసి చెక్క అలమారా వాసన పడుతుంది. గుడ్డతో తుడవొద్దు. వాడే ముందు ఖాళీ గ్లాసుని ఒకసారి వాసన చూడండి. ఏదైనా తగిలితే మళ్లీ కడగాల్సిందే.

ఎంత పోయాలి: మనిషికి ముందు 20 ఎం.ఎల్., చివర్లో మళ్లీ 10. ఆరుగురికి 180. సీసాలో 520 మిగులుతుంది, దాచుకోవడానికి అది మంచి లెవెల్. పెగ్ మెజర్ 30, 60 కాబట్టి కంటితో అంచనా వేయకండి, మెడికల్ షాపులో 20 ఎం.ఎల్. సిరంజి సూది లేకుండా దొరుకుతుంది.

పోశాక ప్రతి గ్లాసు మీదా మూత పెట్టండి. టీ కప్పు సాసరు చాలు. "ఏడాదికో నిమిషం" అన్నది చల్లటి దేశపు లెక్క, అదీ ఉజ్జాయింపు లెక్కే. మన దగ్గర మూత లేకుండా 25 నిమిషాలు వదిలేస్తే ముందు పోయేది తేలికైన ఎస్టర్లే, అంటే మీరు వెతుకుతున్న అరటి, అనాస. నా లెక్క ఇది: పోయగానే ఒకసారి వాసన, తర్వాత మూత. 5 నిమిషాలకి రెండోసారి. 12-15 నిమిషాలకి మొదటి గుక్క. అరగంటకి నీటి చుక్క. మధ్యలో ప్రతిసారీ మూత. ఈ మాల్టుల్లో మొదటి 5 నిమిషాల్లో తెలిసేది ఎక్కువగా చెక్క, మైనం, కాస్త వార్నిష్. పండు పదో నిమిషం తర్వాతే తేరుకుంటుంది. సోడా బ్యాచ్‌కి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే మూడో నిమిషానికే గ్లాసు ఖాళీ.

వాసన చూసే తీరు: గ్లాసు గడ్డం దగ్గర ఉంచి, నోరు కొద్దిగా తెరిచి, చిన్నగా పీల్చండి. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీలిస్తే రెండు నిమిషాల పాటు ఇంకేం తెలియదు. తర్వాత అంచు దగ్గరికి తెచ్చి, ఒకసారి కుడి ముక్కు, ఒకసారి ఎడమ. వైన్ లాగా గిరగిరా తిప్పొద్దు, తిప్పితే లేచేది ఆల్కహాలే. గ్లాసుని పడుకోబెట్టి గోడలు తడిసేలా ఒక్క చుట్టు తిప్పితే చాలు. ముక్కు మొద్దుబారితే మీ మోచేతి మడత వాసన చూసుకోండి. కాఫీ గింజలు పెట్టుకుంటారు కొందరు, వాటివల్ల అదనపు లాభం లేదు. పైగా ఇంకో ఘాటు వాసన గదిలోకి తెచ్చినట్టు.

గుక్క అంటే 2 ఎం.ఎల్., అర టీ స్పూను కంటే తక్కువ. మొదటి గుక్క నోరు అలవాటు పడటానికి మాత్రమే, దాన్ని లెక్కలో వేయొద్దు. రెండోది నాలుక మీద 10-15 సెకన్లు ఉంచి, మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. పండు ఎక్కువగా తెలిసేది ఆ వెనక దారిలోనే. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, చేదు లాంటివి కొన్నే.

డికాంటర్ వద్దు. నీళ్ల గురించి వేరేవాళ్లు రాస్తారు, దాని మీద ఇక్కడ ఎప్పుడూ గొడవే.

ముషీరాబాద్_మాల్ట్

గొడవేం లేదన్నా, లెక్క ఉంది.

20 పోసి రెండు మూడు గుక్కలు, ఆవిరి పోగా గ్లాసులో దాదాపు 12 ఎం.ఎల్. మిగులుతుంది అనుకుందాం. 49.3 శాతం 12 ఎం.ఎల్.కి అర ఎం.ఎల్. నీళ్లు కలిపితే 47.3కి దిగుతుంది. ఇంకో అర కలిపితే 45.5. మూడో అరకి 43.8. ఎవరైనా సరే అంతకంటే కిందికి పోవద్దు. టీ స్పూను నిండా, అంటే 5 ఎం.ఎల్., ఒక్కసారి పోస్తే 34.8కి పడిపోతుంది. మళ్లీ పైకి తెచ్చే దారి లేదు. అందుకే 1 ఎం.ఎల్. సిరంజి (సూది తీసేసి) వాడండి. డ్రాపర్ అయితే దాదాపు 20 చుక్కలు ఒక ఎం.ఎల్. కానీ డ్రాపర్ డ్రాపర్‌కి చుక్క సైజు మారుతుంది.

ప్రతి అర ఎం.ఎల్. తర్వాత 3-4 నిమిషాలు మూతపెట్టి ఆగాలి. వెంటనే వాసన చూస్తే అంతా చెదిరినట్టుంటుంది, "నీళ్లు పాడుచేశాయి" అనేస్తారు.

నీళ్లు వాసనని పైకి తెస్తాయనే మాటకి చాలామంది 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన స్వీడన్ పేపర్ చూపిస్తారు: లిన్నేయస్ యూనివర్సిటీ వాళ్లు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ చేసిన కంప్యూటర్ లెక్క. అది గ్వాయకాల్ గురించి, అంటే పొగ వాసన ఇచ్చే పదార్థం. ఆల్కహాల్ 45 శాతం, ఆ లోపు ఉంటే గ్వాయకాల్ ద్రవం పైపొర దగ్గర చేరుతుంది, 59 పైన ఉంటే లోపలే ఆల్కహాల్ చుట్టుముట్టి ఉంచుతుంది అని తేల్చారు. పీట్ మాల్టుకి (పొగబెట్టిన బార్లీతో చేసిన విస్కీకి) ఇది పనికొస్తుంది. దీన్ని తెచ్చి పండ్ల మాల్టుకి అంటగట్టకూడదు. పొడుగు గొలుసు ఎస్టర్లు నీళ్లు పెరిగే కొద్దీ కరగక గుంపులు కడతాయి, వాటితో పాటు మిగతా వాసనల్ని కూడా లోపల పట్టేసుకుంటాయి. అందుకే ఫిల్టర్ చేయని విస్కీ నీళ్లతో మసకబారుతుంది. ఆ మసక చెడిపోయిన గుర్తు కాదు, కంగారు పడొద్దు. కానీ మసక కనిపించిందంటే నీళ్లు ఇక చాలు అని అర్థం చేసుకోవచ్చు.

నా వాదన: పాత పండ్ల మాల్టుకి 46 కంటే కిందికి పోకపోతేనే మంచిది. అంటే మీ 12కి అర, మరీ అయితే ముప్పావు ఎం.ఎల్. పాతికేళ్లలో పీపాయే దాన్ని 60 పైనుంచి 49కి దించింది, మనం ఇంకా దించాల్సింది పెద్దగా లేదు.

నీళ్లు: కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటుంది. బోరు నీళ్లు మన దగ్గర గట్టి నీళ్లు, ఉప్పదనం నాలుకకి తెలుస్తుంది. ఆర్‌ఓ నీళ్లు భేష్. లేదంటే మామూలు ప్యాకేజ్డ్ వాటర్ సీసా. ఎండలో నిలబడ్డ ప్లాస్టిక్ సీసా కాకుండా చూసుకోండి, ప్లాస్టిక్ రుచి వస్తుంది. నీళ్లు కూడా గది చల్లదనంలోనే ఉండాలి.

పీపాలో_పాతిక

46 దగ్గర ఆగాలన్నది ఒప్పుకోను. సోడా బ్యాచ్ నలుగురికి 46 కూడా మంటే. మండుతున్న నోటికి పండు ఎక్కడ తెలుస్తుంది? వాళ్లని 43-44 దాకా పోనివ్వండి, అలవాటున్న ఇద్దరూ 46-47 దగ్గర ఆగండి. ఇద్దరి గ్లాసులు మార్చుకుని వాసన చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

రసాలపిచ్చి

పండ్ల గురించి ఒక మాట. టేస్టింగ్ నోట్సులో పీచ్, గూస్‌బెర్రీ, క్విన్స్ అని చదివి అవి వెతకొద్దు. మనం ఎప్పుడూ తినని పండు మన ముక్కు గుర్తుపట్టదు. మన పండ్లతోనే పట్టుకోండి.

మామిడి అని ఊరికే రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. బంగినపల్లి వాసన తీయగా మెత్తగా ఉంటుంది. చిన్న రసాల్లో పులుపు అంచు, పీచు, ముచ్చిక దగ్గర సొన ఘాటు ఉంటాయి. హిమాయత్‌లో పువ్వు లాంటి వాసన. పాత మాల్టుల్లో వచ్చేది చాలాసార్లు తాజా పండు కాదు, మామిడి తాండ్ర: ఎండి, చిక్కబడి, కాస్త పులిసిన తీపి. జామ అయితే పింక్ జామకాయ గుజ్జు వాసన, తెల్ల జామది కాదు. పనస తొన, మాగిన అరటి రెండూ ఒకే వైపు లాగుతాయి. చల్లటి అనాస ముక్కకీ అనాస జామ్‌కీ తేడా చూడండి, 25 ఏళ్ల దాంట్లో రెండోదే ఎక్కువ. ఆప్రికాట్ అని రాస్తే మన హైదరాబాదోళ్లకి కష్టమే లేదు, కుబానీ కా మీఠా పాకం గుర్తు తెచ్చుకోండి. బత్తాయి తొక్క గిల్లితే చిమ్మే నూనె వాసన ఇంకొకటి.

ముందు రోజు, అంటే శుక్రవారం, మోజంజాహీ మార్కెట్ నుంచి ఒక్కో రకం ఒకటి తెచ్చి ముక్కలు కోసి, మూతలున్న స్టీలు గిన్నెల్లో పది నిమిషాలు పెట్టి, కళ్లు మూసుకుని వాసన చూడండి. మామిడి, జామ, అనాస, అరటి, బత్తాయి తొక్క, తాండ్ర, ఎండు ఆప్రికాట్. ఏడు చాలు. శనివారం మాత్రం ఆ గిన్నెలు గదిలోకి రాకూడదు. కోసిన పండు పక్కన పెట్టుకుని విస్కీ వాసన చూస్తే ఏది దేనిదో తెలియదు.

ఎవరి నోట్ వాళ్లు కాగితం మీద రాసుకున్నాకే మాట్లాడుకోండి. ఒకడు "అనాస" అన్నాడా, మిగతా ఐదుగురికీ అనాసే వస్తుంది.

తిండి: సాయంత్రం 5కల్లా పెరుగన్నం లాంటిది తినేయండి, 8కి కూర్చోండి. బిర్యానీ, మిర్చి బజ్జీ ముందు వద్దు. మిరపలోని మంట పుట్టించే పదార్థమూ ఆల్కహాలూ నోట్లో ఒకే నరాల్ని రేపుతాయి, ఒకదానికొకటి ఆజ్యం పోస్తుంది. 49 శాతం 60 శాతంలా మండుతుంది. సోంపు, వక్కపొడి, పాన్, పుదీనా చూయింగ్ గమ్ వీటన్నిటికీ కనీసం రెండు గంటల దూరం. మధ్యలో నోరు కడుక్కోవడానికి గది నీళ్లు, ఉప్పు లేని బ్రెడ్ ముక్క. బిర్యానీ అంతా అయ్యాక తెప్పించుకోండి, ఎవరు కాదంటారు.

కూకట్‌పల్లి_పెగ్గు

చాలా థ్యాంక్స్ అందరికీ. సిరంజిలు, పండ్లు లిస్టులో రాసుకున్నా. రెండు సందేహాలు. ఒకటి, ఈ పండు వాసన ఎక్కడినుంచి వస్తుంది, పీపాలో పండ్లు వేయరు కదా అని మా బ్యాచ్‌లో ఒకడి ప్రశ్న. రెండు, 25 ఏళ్లకే ఇలా ఉంటే 40 ఏళ్లది ఇంకా బాగుంటుందా?

పులియబెట్టు

పండు వాసనలో చాలా భాగం పీపాలోకి వెళ్లకముందే పుడుతుంది. బార్లీ గంజి పులిసేటప్పుడు ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాలూ ఎస్టర్లూ చేస్తుంది. రెండు రోజుల్లో, 48-50 గంటలకి, ఈస్ట్ పని దాదాపు అయిపోతుంది. తొందరున్న డిస్టిలరీ అక్కడే ఆపి కాచేస్తుంది, అలాంటి స్పిరిట్‌లో గింజ, పప్పు వాసన ఎక్కువ. తొట్టిని 70, 80, 100 గంటలు వదిలేస్తే లాక్టిక్ బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. మన ఇంట్లో ఇడ్లీ పిండిలో పని చేసే జాతివే అవి. పులుపు పెరుగుతుంది, ఆ ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి కొత్త ఎస్టర్లు కడతాయి. అరటి వాసనకి ఐసోఅమైల్ ఎసిటేట్, ఆపిల్‌కి ఇథైల్ హెక్సనోయేట్, అనాసకి ఇథైల్ బ్యూటిరేట్. తర్వాత రాగి పాత్రలో నెమ్మదిగా కాచి, ఆ రాగి ఎక్కువసేపు తగిలితే గంధకం వాసన పోతుంది. గంధకం పోతేనే పండు బయటపడుతుంది.

పీపా చేసేది మూడు పనులు: ముడి వాసనల్ని తీసేయడం, తన కొబ్బరి, వనిల్లా ఇవ్వడం, గాలిని మెల్లగా లోపలికి రానివ్వడం. కొత్త షెర్రీ పీపాలో వేస్తే ఖర్జూరం, ఎండు ద్రాక్ష వచ్చి మామిడిని కప్పేస్తాయి. మీది రీఫిల్ హాగ్స్‌హెడ్, అంటే అప్పటికే వాడిన 250 లీటర్ల పీపా. చెక్క తన గొంతు తగ్గించుకుంది కాబట్టే 25 ఏళ్ల తర్వాత కూడా స్పిరిట్ పండు వినిపిస్తోంది.

40 ఏళ్ల ప్రశ్నకి: ఎక్కువ ఏళ్లు అంటే ఎక్కువ పండు కాదు. స్కాట్లాండ్‌లో ఏటా 2 శాతం దాకా ఆవిరైపోతుంది. 250 లీటర్లు 25 ఏళ్లకి సుమారు 150. అక్కడి తేమకి నీళ్లకంటే ఆల్కహాల్ ఎక్కువ పోతుంది, శాతం దిగుతూ ఉంటుంది. 40 శాతం కిందికి పడితే చట్టప్రకారం దాన్ని స్కాచ్ అనకూడదు, అందుకే చాలా పీపాలు ఆ గీత దగ్గరికి రాగానే సీసాల్లోకి పోతాయి. ఇంకోపక్క చెక్క టానిన్ (వగరు పదార్థం) పెరిగి పండు వెనక చేదు, పొడిదనం వస్తాయి. 40 ఏళ్లు దాటి కూడా పండు నిలిచిన మాల్టులున్నాయి, కానీ పీపా బాగా అలసిపోయినదైతేనే.

మన దగ్గర అయితే ఈ ఆటే వేరు. బెంగళూరులో ఏటా 10 శాతం పైనే పోతుంది. ఏటా 10 అనుకున్నా 250 లీటర్లు 25 ఏళ్లకి 18 లీటర్లు. అమృత్ వాళ్లు 8 ఏళ్లది బయటికి తెచ్చినప్పుడే దానికి గ్రీడీ ఏంజెల్స్ అని పేరు పెట్టారు. కాబట్టి ఇక్కడ పాతికేళ్ల మాల్ట్ అడగొద్దు.

బిరడా_భాయ్

అందరూ తాగడం గురించి రాశారు, ముందు సీసా తెరుచుకోవాలి కదా. మీ సీసా వేసింది 2021-22లో అయి ఉంటుంది, బిరడా కొత్తదే. అయినా ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంటే కింది భాగం ఎండి ఉంటుంది. తెరిచే రోజు ఉదయం ఒకసారి 10 సెకన్లు సీసాని పక్కకి వంచి బిరడా తడపండి, మళ్లీ నిలబెట్టండి. పడుకోబెట్టి దాచడం వైన్‌కి, విస్కీకి కాదు. 49 శాతం ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది, రుచి కూడా పాడవుతుంది.

తెరిచేటప్పుడు బిరడాని పట్టుకుని సీసాని తిప్పండి. బిరడాని లాగితే మధ్యలో విరుగుతుంది. విరిగితే కంగారు వద్దు: రెండు రేకుల బిరడా పట్టు ఉంటే పక్కలనుంచి దించి తిప్పుతూ లాగండి. అది లేకపోతే స్క్రూ మెల్లగా దించండి. ముక్కలు లోపల పడితే తెల్లబరచని కాఫీ ఫిల్టర్ కాగితాన్ని ముందు ఆర్‌ఓ నీళ్లతో కడిగి, ఆరాక వడకట్టండి. కొత్త బిరడాకి పాత ఖాళీ మాల్ట్ సీసాది పనికొస్తుంది, పీట్ సీసాది తప్ప. లాఫ్రోయిగ్ లాంటి పీట్ మాల్ట్ బిరడా పెడితే నెల తిరిగేసరికి మీ మామిడికి మందులషాపు వాసన.

మిగిలిన 520కి తొందరేం లేదు, ముప్పావు నిండిన సీసా ఏడాది దాకా బాగానే ఉంటుంది. మూడో వంతుకి దిగాక 100 ఎం.ఎల్. గాజు సీసాల్లోకి, మెడ నిండా పోసి, లోపల కోన్ లైనర్ (మెడకి గట్టిగా పట్టే శంకువు ఆకారపు ప్లాస్టిక్ ముక్క) ఉన్న మూతలతో బిగించండి. రబ్బరు మూతలు వద్దు. గాలి తగిలే కొద్దీ తేలికైన పండు వాసనలు తగ్గిపోతాయి. 

చోటు: సజ్జ మీద పెట్టొద్దు. ఎండాకాలం పై అంతస్తు స్లాబ్ కింద సజ్జ పొయ్యిలా ఉంటుంది. వంటింటి అలమారా వద్దు. పడకగది బీరువాలో, కింది అరలో, చీకట్లో, నిలబెట్టి. నాఫ్తలిన్ గోళీలు లేని బీరువా అయి ఉండాలి, మర్చిపోకండి. పార్కింగ్ చేసిన కారులో పది నిమిషాలు కూడా వదలకండి, లోపలి గాలి వ్యాకోచించి బిరడా పక్కనుంచి కారుతుంది.

కూకట్‌పల్లి_పెగ్గు

అప్‌డేట్. బిరడా సరిగ్గా ఉందో లేదో చూద్దామని గురువారం రాత్రే తెరిచా. విరగలేదు. 10 ఎం.ఎల్. పోసి చూస్తే మొదట వచ్చింది పండు కాదు, ఫెవికాల్, గోళ్లరంగు తీసే ద్రవం లాంటి ఘాటు. వెనకాల ఏదో తీపి ఉంది. సీసా పాడైందా?

పులియబెట్టు

పాడవలేదు. అది ఇథైల్ ఎసిటేట్. పీపాలో ఏళ్లు గడిచే కొద్దీ ఆల్కహాల్‌లో కొంత ఆమ్లంగా మారి, మళ్లీ ఆల్కహాల్‌తో కలిసి అది పెరుగుతుంది. పాత మాల్టుల్లో మామూలే. కొద్దిగా ఉంటే బేరిపండు (పియర్) లాంటి వాసన, ఎక్కువైతే జిగురు. మనం చెప్పుకున్న ఎస్టర్లలోకీ తేలికైనది కాబట్టి ముందు అదే లేస్తుంది, ముందు అదే పోతుంది. గ్లాసుకి మూత లేకుండా 3 నిమిషాలు వదిలి, ఆ తర్వాత మూత పెట్టండి. సీసా మూత తీసి ఉంచొద్దు. 20 నిమిషాల తర్వాత కూడా జిగురు తప్ప ఏమీ లేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

మీ గది ఆ రాత్రి ఎంత వేడిగా ఉంది? 30 పైన ఉంటే జిగురు రెండింతలు కనిపిస్తుంది.

కూకట్‌పల్లి_పెగ్గు

ఏసీ వేయలేదు, 33 ఉంటుంది. ఇప్పుడు మళ్లీ చూశా, సాసరు కింద 25 నిమిషాలైంది. జిగురు చాలావరకు పోయింది. తాండ్ర ఉంది, రసాలపిచ్చి గారు చెప్పినట్టు పులిసిన తీపి తాండ్ర. ఇంకా బత్తాయి తొక్క. చివర్లో నాలుక పక్కన ఎండిపోయినట్టు చేదు ఉంది, టీ ఆకు నమిలినట్టు.

ముషీరాబాద్_మాల్ట్

ఆ చేదు ఓక్ టానిన్. దానికి నీళ్లు వేయకండి, పండు పలచబడి చేదు ఒక్కటే ఇంకా ముందుకొస్తుంది. గుక్క చిన్నది చేయండి, నోట్లో 15 సెకన్ల బదులు 6-7 చాలు. టానిన్ పట్టుకోవడానికి టైము పడుతుంది, పండుకి అంత టైము అక్కర్లేదు. ఈ సీసాకి 46 దగ్గర ఆగమన్నది అందుకే, పీపాలో_పాతిక అన్నా.

పీపాలో_పాతిక

సరే, ఈ సీసా వరకు ఒప్పుకుంటా. సోడా బ్యాచ్‌కి కూడా అర ఎం.ఎల్. దాటొద్దు. మంట అంటే ముందు 10 ఎం.ఎల్. గ్లెన్‌ఫిడిక్ 12 లాంటి 40 శాతం మాల్ట్ ఏదైనా ఇవ్వండి. నోరు అలవాటు పడుతుంది, దాని బేరిపండు వాసనతో పోల్చుకోవడానికీ పనికొస్తుంది. పీట్ మాల్ట్ ఏదైనా బల్ల మీదికి వస్తుంటే అది అన్నిటికంటే చివర, వేరే గ్లాసుల్లో.

ఇంకోటి, పోసే క్రమం. ఆరు గ్లాసులూ ఒకేసారి పోసి మూతలు పెట్టేయండి. ఒక్కొక్కరూ వచ్చినప్పుడు పోస్తే ఒకడి గ్లాసు పదో నిమిషంలో, ఇంకొకడిది జిగురు దగ్గర ఉంటుంది, కాగితాలు కలవవు. ఆలస్యంగా వచ్చేవాడి గ్లాసుకి కూడా అదే సమయానికి పోసి సాసరు కింద ఉంచండి. అరగంట దాకా ఏమీ కాదు.

రసాలపిచ్చి

ఖాళీ గ్లాసులు ఆ రాత్రి కడగొద్దు, సాసర్లు మూసి వదిలేయండి. పొద్దున్నే చూస్తే పండు ఎంత నిలిచిందో, చెక్క ఎంతో విడివిడిగా తెలుస్తుంది. మిగిలిన విస్కీలో నీళ్లు కలపాలా వద్దా అన్నది దాన్ని బట్టి తేల్చుకోవచ్చు. మీ ఆరుగురి కాగితాలు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. తాండ్ర ఎంతమంది రాశారో చూడాలి.